మందుల కంపెనీ పేరును తూచి చూసుకోవడం ఎలా: మెడికల్ రెప్ ఉద్యోగంలో చేరబోయేవారికి

కంపెనీ మందులను డాక్టర్లకు, దుకాణాలకు పరిచయం చేసే మెడికల్ రెప్‌గా గుంటూరు కొత్తపేటలో నా మొదటి కెమిస్ట్ కాల్, అంటే మందుల దుకాణానికి వెళ్లిన మొదటి విజిట్, ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. విజిటింగ్ కార్డు ఇచ్చి కంపెనీ పేరు చెప్పగానే దుకాణం యజమాని ఏమీ మాట్లాడకుండా వంగి, కౌంటరు కింది నుంచి ఒక అట్టపెట్టె తీసి నా ముందు పెట్టారు. అందులో మా కంపెనీ స్ట్రిప్పులు రబ్బరు బ్యాండ్లు చుట్టి, సిరప్ సీసాలు పాత దినపత్రికలో పొట్లం కట్టి ఉన్నాయి. అన్నిటికీ గడువు తేదీ దాటిపోయింది. "నీకు ముందు ఇద్దరు వచ్చారు బాబూ. క్రెడిట్ నోట్ వచ్చే నెలలో వస్తుందని ఇద్దరూ అన్నారు. నువ్వు మూడోవాడివి" అన్నారాయన. క్రెడిట్ నోట్ అంటే వెనక్కి ఇచ్చిన సరుకు సొమ్మును దుకాణదారు లెక్కలో జమ చేస్తూ కంపెనీ ఇచ్చే కాగితం. ఇంటర్వ్యూలో కంపెనీ టర్నోవరు గురించి, ఎగుమతుల గురించి, గోవాలో జరగబోయే సైకిల్ మీటింగ్ (కొన్ని నెలలకోసారి రెప్‌లందరితో జరిపే సమావేశం) గురించి గంటసేపు విన్నాను కానీ ఆ పెట్టె సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ తరువాత రెండేళ్లపాటు నా అమ్మకాలూ ఇన్సెంటివూ ఆ పెట్టె చుట్టూనే తిరిగాయి.

కంపెనీకి ఉన్న పేరు రెప్ జీతం మీద, పని మీద, తరువాత దొరికే ఉద్యోగం మీద పడుతుందని అందరూ అంటారు. ఆ పేరు నిజంగా ఎంత బరువుందో చేరే ముందే ఎలా తెలుసుకోవాలి, చేరిన తరువాత ఏం చేయాలి అన్నది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఈ వృత్తిలోకి వచ్చే బీఫార్మసీ, బీఎస్సీ పట్టభద్రులను దృష్టిలో పెట్టుకొని ఆ పద్ధతిని కింద వివరిస్తున్నాను.

1. ఏ పేరు, ఎవరి దగ్గర అన్నది ముందు విడదీయండి

మందుల కంపెనీకి ఒకే పేరు ఉంటుందనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. టీవీలో ప్రకటన వచ్చే మాత్ర ఇంటిల్లిపాదికీ తెలుసు గనుక ఆ కంపెనీలో ఉద్యోగమంటే పెళ్లి సంబంధాల దగ్గర గొప్పగా వినిపిస్తుంది; అదే కార్డును గుండె జబ్బుల డాక్టరు గారి గదిలోకి పంపితే ఆ ప్రకటనకు చిల్లిగవ్వ విలువ ఉండదు. డాక్టరు చూసేది ఆ మందు తన రోగుల్లో ఎలా పనిచేసిందన్నది, గతంలో వచ్చిన రెప్ చెప్పినదాంట్లో ఎంత నిజం తేలిందన్నది. కెమిస్టు, అతనికి సరుకు సరఫరా చేసే టోకు వ్యాపారి అయిన స్టాకిస్టు చూసేది గడువు తీరిన సరుకు వెనక్కి వెళ్లిందా, కంపెనీ నుంచి రావలసిన సొమ్ముకు పెట్టిన క్లెయిములు సకాలంలో వచ్చాయా అన్నది. రేపు మిమ్మల్ని ఇంటర్వ్యూ చేయబోయే మరో కంపెనీ మేనేజరు చూసేది ఆ కంపెనీ తన మనుషులకు పని నేర్పుతుందా, లేక మూటలు మోయిస్తుందా అన్నది.

ఈ పేర్లు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉండవచ్చు. రమేశ్ జునేజా 1970లలో మెడికల్ రెప్‌గా జీవితం మొదలుపెట్టి, లుపిన్‌లో పనిచేసి, 1995లో మ్యాన్‌కైండ్ ఫార్మాను ప్రారంభించినప్పుడు ఆ పేరు నగరాల్లోని స్పెషలిస్టులకు పెద్దగా తెలియదు. తక్కువ ధరలతో చిన్న పట్టణాల డాక్టర్లను, దుకాణాలను పట్టుకొని అది పెరిగింది, 2023 మేలో స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది. అలాంటి కంపెనీలో తొలినాళ్లలో చేరినవారికి హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రిలో దక్కే గౌరవం ఒక రకం, మండల కేంద్రంలో దక్కే గౌరవం మరొక రకం. కాబట్టి "మంచి కంపెనీయేనా?" అని అడగడం మానేసి, మీకు ఇవ్వబోయే హెడ్‌క్వార్టర్‌లో (రెప్ ఉండి పనిచేసే ఊరిని ఈ రంగంలో అలా అంటారు), మీరు కలవబోయే స్పెషాలిటీ డాక్టర్ల దగ్గర, మీ స్టాకిస్టు దగ్గర దాని పేరు ఏమిటని అడగండి. నా లెక్కలో కౌంటరు దగ్గరి పేరే అన్నిటికంటే నిజాయితీగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ మాట్లాడేవారు తమ సొంత డబ్బు గురించి మాట్లాడుతున్నారు. కొత్తవారు అన్నిటికంటే తక్కువగా విచారించేదీ దాన్నే.

2. స్ట్రిప్ వెనక వైపు చదవండి

ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఆ కంపెనీ మందులు ఒక నాలుగు రకాలు దుకాణంలో అడిగి చేతిలోకి తీసుకోండి. తయారీదారు ఎవరు, మార్కెట్ చేసేది ఎవరు అన్న రెండు వరుసలు స్ట్రిప్ మీదనో సీసా లేబుల్ మీదనో ఉంటాయి. రెండూ ఒకటే కాకపోవచ్చు. హిమాచల్‌లోని బద్దీలోనో, ఉత్తరాఖండ్‌లోనో వేరే సంస్థ తయారుచేసిన మందుకు తమ పేరు వేసుకొని అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి, పెద్ద కంపెనీలు కూడా కొన్ని మందులకు ఆ పద్ధతిని పాటిస్తాయి. అది తప్పు కాదు. అయితే నాలుగు మందులకు నలుగురు వేర్వేరు తయారీదారులుండి, ఆరు నెలల కిందటి బ్యాచ్‌కూ ఇప్పటి బ్యాచ్‌కూ తయారీదారు మారిపోయి ఉంటే, నాణ్యత మీద ఆ కంపెనీకి పట్టు ఎంత అన్నది మీరు ఇంటర్వ్యూలో అడగవలసిన మొదటి ప్రశ్న అవుతుంది.

తరువాత కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ వెబ్‌సైటు తెరవండి. నాణ్యతా పరీక్షలో తప్పిన మందుల జాబితాను అది నెలనెలా ప్రకటిస్తుంది. మందు పేరు, బ్యాచ్ నంబరు, తయారీదారు, తప్పిన కారణం అందులో ఉంటాయి. గత ఏడాది, రెండేళ్ల జాబితాల్లో కంపెనీ పేరునూ, స్ట్రిప్ మీద చూసిన తయారీదారుల పేర్లనూ వెతకండి. ఒక బ్యాచ్ తప్పినంత మాత్రాన కంపెనీని కొట్టిపారేయనక్కరలేదు. పెద్ద పెద్ద పేర్లూ ఆ జాబితాలో కనిపిస్తాయి, తమ బ్రాండు పేరుతో ఎవరో నకిలీ చేశారని కంపెనీ వాదించే సందర్భాలూ ఉంటాయి. ఒకే తయారీదారు మళ్లీ మళ్లీ, అదీ కరిగే గుణంలోనో మందు మోతాదులోనో తప్పుతుంటే మాత్రం ఆగి ఆలోచించవలసిందే.

2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో చిన్నపిల్లల మరణాల తరువాత తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైన కోల్డ్‌రిఫ్ దగ్గు మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం బయటపడింది. ఆ బ్యాచ్ వాడవద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ యంత్రాంగం కూడా హెచ్చరిక జారీచేసింది. అంతకు ముందు రోజు వరకు ఆ సీసాను పిల్లల డాక్టర్ల బల్లల మీద పెట్టి "చాలా సేఫ్ సార్" అని చెప్పివచ్చిన రెప్ ఎవరైనా ఉంటే, మళ్లీ ఆ గదుల్లోకి ఏ ముఖంతో వెళ్లగలడో ఊహించుకోండి. తయారీలో రెప్ ప్రమేయం రవ్వంత కూడా ఉండదు. అయినా డాక్టరు గారికి ఆ కంపెనీ తరఫున తెలిసిన ముఖం అతనిది ఒక్కటే.

3. ఇంట్లో కూర్చుని చూడగలిగిన కాగితాలు చూడండి

ఇది ఒక పూట పని, ఖర్చు లేదు. భవిష్య నిధి సంస్థ వెబ్‌సైటులో సంస్థల వివరాలు వెతికే పేజీ ఒకటుంది. అందులో కంపెనీ పేరు కొడితే ఏ నెల సొమ్ము ఏ తేదీన కట్టారో, ఎంతమంది ఉద్యోగులకు కట్టారో కనిపిస్తుంది. "మాకు దేశమంతటా 600 మంది ఫీల్డ్ ఫోర్సు" అని ఇంటర్వ్యూలో చెప్పిన కంపెనీ 140 మందికి మాత్రమే పీఎఫ్ కడుతుంటే మిగిలినవారు ఎవరి పేరోల్ మీద ఉన్నారని అడగవలసి ఉంటుంది. రెండు మూడు నెలలు ఆలస్యంగా కట్టే అలవాటు కనిపిస్తే మీ జీతం, టీఏ, డీఏ కూడా అదే దారిలో వస్తాయని అనుకోవచ్చు.

లిస్టు కాని మధ్యతరహా కంపెనీల విషయంలో క్రిసిల్, ఇక్రా, కేర్ వంటి రేటింగు సంస్థలు ప్రచురించే వివరణ పత్రాలు బాగా ఉపయోగపడతాయి. బ్యాంకు అప్పు తీసుకునే కంపెనీ నగదు ఎక్కడ ఇరుక్కుందో, అమ్మకాలు ఏ ఒకటి రెండు బ్రాండ్ల మీద ఆధారపడ్డాయో అందులో రెండు పేజీల్లో ఉంటుంది. రేటింగు సంస్థకు సమాచారం ఇవ్వడం మానేసిన కంపెనీ పేరు పక్కన సహకరించడం లేదన్న ముద్ర కూడా పడుతుంది. ఒకే బ్రాండు మీద నడిచే కంపెనీ ప్రమాదం చిన్నది కాదు. 2016 మార్చిలో కేంద్రం 344 మిశ్రమ ఔషధాలను (ఒకటికి మించిన మందులు కలిపి చేసినవి) ఒక్కసారిగా నిషేధించినప్పుడు ఫైజర్ దగ్గు మందు కోరెక్స్ వంటి దశాబ్దాల నాటి బ్రాండు కూడా ఆ దెబ్బ తిన్నది. ఫైజర్‌కు వేరే బ్రాండ్లున్నాయి గనుక నిలిచింది, అన్ని కంపెనీలకూ ఆ వెసులుబాటు ఉండదు. లిస్టయిన పెద్ద కంపెనీలైతే వార్షిక నివేదికతో పాటు ఇచ్చే బాధ్యతా నివేదికలో ఏటా ఎంత శాతం శాశ్వత ఉద్యోగులు వెళ్లిపోయారో చెప్పాలి. మూడేళ్ల అంకెలు పక్కపక్కనే ఉంటాయి.

4. స్టాకిస్టు దగ్గర ఒక గంట కూర్చోండి

నా మాట వినకుండా పైవన్నీ వదిలేసినా సరే, ఇది మాత్రం వదలవద్దు. మీకు ఇవ్వబోయే హెడ్‌క్వార్టర్‌లో ఆ కంపెనీ స్టాకిస్టు ఎవరో ఏ కెమిస్టును అడిగినా చెబుతారు. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య, ఆర్డర్ల హడావుడి తగ్గాక వెళ్లండి. దాపరికం లేకుండా చెప్పండి: "అన్నా, ఈ కంపెనీలో చేరమంటున్నారు. చేరే ముందు మీ మాట విందామని వచ్చాను." ఇలా అడిగినవారిని కసిరిన స్టాకిస్టును నేను ఇంతవరకు చూడలేదు, రేపు సరుకు బాధ్యత తీసుకునేవాడు వివేకం ఉన్నవాడైతే ఆయనకే మేలు.

మొదట గడువు తీరిన సరుకు గురించి అడగండి. దీని వెనక ఉన్న లెక్క తెలిస్తే కెమిస్టు కోపం అర్థమవుతుంది. వ్యాపార ఆనవాయితీ ప్రకారం 100 రూపాయల స్ట్రిప్‌ను దుకాణదారు సుమారు 80 రూపాయలకు కొంటాడనుకుందాం. దాని మీద అతనికి మిగిలేది 20. ఒక స్ట్రిప్ గడువు తీరి, కంపెనీ వెనక్కి తీసుకోకపోతే పోయేది 80, అంటే ఆ నష్టం పూడాలంటే అతను మరో 4 స్ట్రిప్పులు అమ్మాలి. అట్టపెట్టె నిండా అలాంటివి రెండేళ్లు పేరుకుపోయిన దుకాణానికి మీరు కొత్త మందు తీసుకువెళ్లి, డాక్టరు గారి చేత రాయించినా కూడా, చీటీ చూసిన దుకాణదారు "ఈ కంపెనీది లేదమ్మా, ఇదే మందు ఇంకో కంపెనీది ఉంది" అని రోగికి చెబుతాడు. మీ ప్రిస్క్రిప్షన్ కౌంటరు దగ్గర చచ్చిపోతుంది, మీకు ఆ సంగతి తెలియనైనా తెలియదు.

రెండోది క్లోజింగ్ స్టాకు, అంటే నెలాఖరుకు స్టాకిస్టు దగ్గర అమ్ముడుపోకుండా మిగిలిన సరుకు. కంపెనీ నుంచి స్టాకిస్టుకు వెళ్లేది ప్రైమరీ, స్టాకిస్టు నుంచి దుకాణాలకు వెళ్లేది సెకండరీ. టార్గెట్ చూపించడానికి నెలాఖరున అవసరం లేని సరుకును స్టాకిస్టు గోదాములోకి తోయడాన్ని మన భాషలో డంపింగ్ అంటారు. నెలకు లక్ష రూపాయల సెకండరీ జరిగే చోట మూడున్నర లక్షల క్లోజింగ్ ఉందని స్టాకిస్టు చెప్పాడంటే, మీకంటే ముందున్నవారు మూడు నెలల మీ టార్గెట్‌ను ముందే అమ్మేసుకొని వెళ్లిపోయారని అర్థం. మీరు ఎంత తిరిగినా ప్రైమరీ కదలదు. మేనేజరు దృష్టిలో పనిచేయనివారు మీరే అవుతారు. ఇందులో కొంత పాత రెప్ తప్పు ఉండవచ్చు గానీ, వరుసగా ముగ్గురు అదే చేశారంటే చేయించింది పైవారే.

మూడోది, స్కీములకూ ధరల తేడాలకూ పెట్టిన క్లెయిములు ఎన్ని నెలలకు వస్తున్నాయని అడగండి. ఈ జవాబు కోసం ఆయన కంప్యూటరు వైపు తిరిగితే మంచిది, ఆకాశం వైపు చూస్తే మంచిది కాదు.

లేచే ముందు, ఈ హెడ్‌క్వార్టర్‌లో అయిదేళ్లలో ఎంతమంది రెప్‌లు మారారో అడిగి, చివరిగా వెళ్లిపోయినవారి నంబరు తీసుకోండి. ఆ మనిషితో మాట్లాడేటప్పుడు అతని కోపాన్ని కొంత తగ్గించి వినాలి, వెళ్లిపోయినవాడు పాత ఇంటి గురించి మంచి చెప్పడం అరుదు. "ఎందుకు మానేశావు తమ్ముడూ?" అని అడిగితే కథలు వస్తాయి. "ఆఖరి నెల జీతం, ఖర్చుల బిల్లు ఎన్ని రోజులకు వచ్చాయి? రిలీవింగ్ లెటర్ ఇచ్చారా?" అని అడిగితే తేదీలు వస్తాయి. మీకు కావలసింది తేదీలు.

5. డాక్టరు గదిలో మీ చేత ఏ పని చేయిస్తారో తేల్చుకోండి

కొన్ని కంపెనీలకు డాక్టర్ల దగ్గర "బాగా చూసుకుంటారు" అన్న పేరుంటుంది. కొత్తవారికి ఇది వరంలా కనిపిస్తుంది, గది తలుపు వెంటనే తెరుచుకుంటుంది గనుక. ఆ పేరు మీ మీద ఎలా పడుతుందో నెమ్మదిగా తెలుస్తుంది.

2024 మార్చి 12న కేంద్ర ఔషధ విభాగం మందుల మార్కెటింగ్‌కు ఏకరూప నియమావళిని ప్రకటించింది. డాక్టరుకు గానీ కుటుంబానికి గానీ వ్యక్తిగత బహుమతులు, నగదు ఇవ్వరాదు. వక్తగా వెళ్లే సందర్భంలో తప్ప ప్రయాణ, హోటల్ ఖర్చులు భరించరాదు. గుర్తుగా ఇచ్చే సమాచార వస్తువు విలువ ఒక్కొక్కటి 1000 రూపాయలు మించకూడదు. ఒక మందుకు ఒక డాక్టరుకు ఏడాదికి 12 శాంపిల్ ప్యాకులకు మించి ఇవ్వకూడదు, ఒక్కో ప్యాకు ముగ్గురు రోగుల చికిత్సకు సరిపడేంత మాత్రమే ఉండాలి. ఏ షరతూ చెప్పకుండా ఒక మందును "సేఫ్" అనడం కూడా కుదరదు. డాక్టరును కలిసేందుకు రెప్ డబ్బు చెల్లించడం కుదరదు. రెప్ ఏం చేసినా దానికి కంపెనీదే బాధ్యత అని ఆ నియమావళి స్పష్టంగా చెబుతుంది. ఆ ఏడాది డిసెంబరులో 30 మంది డాక్టర్లను మొనాకో, పారిస్‌లకు పంపిన వ్యవహారంలో అబ్‌వీ హెల్త్‌కేర్ ఇండియాను ఔషధ విభాగం మందలించింది. అంతకుముందే 2022 ఫిబ్రవరిలో అపెక్స్ లేబొరేటరీస్ కేసులో, డాక్టర్లకు ఇచ్చిన ఉచితాలను వ్యాపార ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను మినహాయింపు పొందడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

పన్ను మినహాయింపు పోయాక కొన్ని చోట్ల ఆ ఖర్చు దొడ్డిదారి పట్టింది. ఆ దారి రెప్ బ్యాంకు ఖాతా గుండా వెళుతుంది. ఖర్చుల బిల్లు పేరిట అదనపు సొమ్ము మీ ఖాతాలో వేసి, దాన్ని ఫలానా చోట ఇవ్వమని ఫోనులో చెబుతారు. అలా ఒకసారి కూడా చేయవద్దు. రేపు విచారణ వస్తే మీ యూపీఐ లావాదేవీలో మీ పేరుంటుంది, మేనేజరు గొంతు ఎక్కడా ఉండదు. ఇంటర్వ్యూలోనే మర్యాదగా "కొత్త నియమావళి వచ్చాక డాక్టర్ల కార్యక్రమాలను మీరు ఎలా నడుపుతున్నారు సార్?" అని అడగండి. విధానం ఉన్న కంపెనీ మేనేజరు రెండు వాక్యాల్లో చెబుతాడు, లేనివాడు నవ్వి విషయం మారుస్తాడు.

నేను మేనేజరునయ్యాక ఇంటర్వ్యూలు చేస్తూ గమనించినదొకటుంది. కానుకల మీద నడిచే కంపెనీలో నాలుగేళ్లు చేసివచ్చిన కుర్రాడి చేతికి విజువల్ ఎయిడ్ (డాక్టరుకు చూపించే బొమ్మల పుస్తకం) ఇచ్చి, బీపీ మందును నాకు డిటైలింగ్ చేయమంటే, అంటే డాక్టరుకు చెప్పినట్టు వివరించమంటే, రెండో పేజీ దాటలేకపోయేవాడు. తెలివి తక్కువై కాదు. నాలుగేళ్లలో ఎవరూ అతని చేత ఆ పని చేయించలేదు. బయోడేటాలో అతని అమ్మకాల అంకెలు బ్రహ్మాండంగా ఉండేవి. ఏ అంకె వెనక ఎవరి ఖర్చుందో మార్కెట్‌లో తిరిగేవారికి తెలుసు గనుక వాటిని మేము సగానికి కోసి చదివేవాళ్లం.

6. కాగితం చేతికి వచ్చాక

సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం 1976లోనే నియామక పత్రం ఇచ్చి తీరాలని చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలోనూ అది తప్పనిసరి. హెడ్‌క్వార్టర్, బదిలీ షరతు, నోటీసు కాలం, స్థిర జీతం ఎంత, ఇన్సెంటివ్ ప్రైమరీ మీదనా సెకండరీ మీదనా అన్నవి చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, తేదీ వేయని చెక్కు, ఖాళీ ప్రామిసరీ నోటు అడిగే కంపెనీ పేరు ఎంత పెద్దదైనా సంతకం పెట్టకండి.

7. చేరాక పేరు బాగా లేదని తెలిస్తే

అందరికీ పైన చెప్పినంత విచారణ చేసే తీరిక, ఎంచుకునే అవకాశం ఉండవని నాకు తెలుసు. ఇంట్లో అవసరముండి దొరికినదాంట్లో చేరినవారే ఎక్కువ. అలా చేరితే మొదటి నెలలో అమ్మకాల జోలికి ఎక్కువగా పోకుండా కంపెనీ మిగిల్చిన అప్పులను లెక్కగట్టండి.

నేను చేసినది చెబుతాను. కొత్తపేటలో, అరండల్‌పేటలో, హెడ్‌క్వార్టర్ నుంచి వెళ్లి అదే రోజు తిరిగివచ్చే ఎక్స్-స్టేషన్ అయిన నరసరావుపేటలో దుకాణం దుకాణం తిరిగి గడువు తీరిన సరుకంతా మందు, బ్యాచ్, సంఖ్య, బిల్లు తేదీ సహా ఒక పుస్తకంలో రాశాను. పది రోజులు పట్టింది. జాబితాను స్టాకిస్టు ముద్రతో మేనేజరుకు, ఆయన పైవారికి ఒకేసారి పంపాను. అంతా ఇప్పిస్తానని ఏ దుకాణానికీ మాట ఇవ్వలేదు. "ఏ తేదీన పంపానో ఇదిగో చూడండి, జవాబు వస్తే మొదట మీకే చెబుతాను" అన్నాను. నాలుగో నెలలో మూడింట రెండు వంతులకు క్రెడిట్ నోట్లు వచ్చాయి, మిగిలినదానికి రాలేదు. రాదని తేలిన రోజు కూడా వెళ్లి చెప్పాను. ఆ అట్టపెట్టె యజమాని తిట్టారు, తిట్టి, టీ తెప్పించారు. ఆ నెల నుంచి మా యాంటాసిడ్ సిరప్‌ను ఆరు సీసాలకు మించకుండా పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆరు సీసాలంటే నవ్వు రావచ్చు. గడిచిన రెండేళ్లలో ఆ దుకాణంలో మా సరుకు పడింది అదే మొదటిసారి.

డాక్టర్ల దగ్గరా ఇదే తీరు. కంపెనీ గురించి ఆయన ఎత్తిపొడిస్తే సమర్థించుకోవద్దు, కంపెనీని తిట్టిపోయవద్దు. అడిగిన ప్రశ్నకు జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, మరుసటి విజిట్‌లో కాగితంతో వెళ్లండి. డీసీఆర్‌లో, అంటే ఆ రోజు ఎవరెవరిని కలిశారో కంపెనీకి పంపే నివేదికలో, వెళ్లని కాల్ రాయకండి. విజయవాడ సూర్యారావుపేటలోనైనా గుంటూరు కొత్తపేటలోనైనా రెప్‌లంతా ఒకే వెయిటింగ్ హాలులో కూర్చుంటారు, ఎవరు ఏ రోజు రాలేదో ఒకరికొకరు తెలుసు, వారిలో ఒకరు రేపు మీ మేనేజరు కావచ్చు.

నెలనెలా సెకండరీ అంకెలు, ఆర్‌సీపీఏలో (దుకాణాల్లో ఏ బ్రాండుకు ఎన్ని చీటీలు వస్తున్నాయో చూసే లెక్క) మీ బ్రాండు వాటా, క్లోజింగ్ తగ్గిన తీరు మీ సొంత పుస్తకంలో రాసుకోండి. కంపెనీ రహస్య పత్రాలు, డాక్టర్ల వ్యక్తిగత వివరాలు వెంట తీసుకువెళ్లకూడదు. "చేరినప్పుడు మూడున్నర నెలల క్లోజింగ్, ఏడాదికి ఒకటిన్నర నెల" అన్న వాక్యం మాత్రం ఏ ఇంటర్వ్యూలోనైనా చెప్పవచ్చు. పేరు లేని కంపెనీ నుంచి వచ్చినవారి నోట ఆ వాక్యం విన్న మేనేజరు కుర్చీలో ముందుకు జరుగుతాడు.

8. కంపెనీయే చేతులు మారితే

పెద్ద పేరున్న కంపెనీలో ఉద్యోగం పదిలమన్న నమ్మకం ఈ రంగంలో చాలాసార్లు వమ్మయింది. 2010లో పిరమల్ దేశీయ మందుల వ్యాపారాన్ని అబాట్ కొన్నది. 2015లో ర్యాన్‌బాక్సీ సన్ ఫార్మాలో కలిసింది. 2017లో యూనికెమ్ దేశీయ వ్యాపారం టొరెంట్‌కు వెళ్లింది. 2022లో నోవార్టిస్ ఇండియా వోవెరాన్ వంటి పాత బ్రాండ్ల అమ్మకాలను డాక్టర్ రెడ్డీస్‌కు అప్పగించింది. బ్రాండు, డాక్టరు, దుకాణం అన్నీ అక్కడే ఉంటాయి, వాటిని మోసిన మనిషి మాత్రం ఉంటాడో లేదో తెలియదు.

ర్యాన్‌బాక్సీ సంగతి ఇంకా చిత్రమైనది. 2013 మేలో దాని అమెరికా విభాగం అక్కడి కోర్టులో నేరం అంగీకరించి 50 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకున్నప్పుడు ముంబయిలో ఒక పెద్ద ఆసుపత్రి ఆ కంపెనీ మందులు రాయవద్దని తన డాక్టర్లకు చెప్పింది. పాంటా సాహిబ్, దేవాస్ ఫ్యాక్టరీల్లో జరిగినదానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది ఎక్కడెక్కడో తిరిగే రెప్‌లు. అలాంటి వారంలో కంపెనీ అధికారికంగా ఇచ్చిన వివరణ పత్రాన్నే డాక్టరుకు ఇవ్వండి, దానికి మీ మాట ఒక్కటి కూడా కలపకండి.

విలీనం వార్త రాగానే కంగారుగా రాజీనామా చేయవద్దు. పాత సర్వీసు కొనసాగుతుందని కొత్త సంస్థ పత్రంలో రాయించుకోండి, ఎందుకంటే గ్రాట్యుటీకి అయిదేళ్ల లెక్క దాని మీదే ఆధారపడుతుంది. పీఎఫ్ ఖాతా పాత యూఏఎన్ (ఉద్యోగికి ఇచ్చే శాశ్వత పీఎఫ్ నంబరు) మీదే ఉండేలా చూసుకోండి. ఒకే డాక్టరుకు రెండు కంపెనీల రెప్‌లు వెళుతున్న హెడ్‌క్వార్టర్ మీదైతే, బదిలీకి సిద్ధమో కాదో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

9. వెళ్లిపోయేటప్పుడు

రెండేళ్లు నిండకుండా మూడు కంపెనీలు మారినవారి బయోడేటాను ఎవరూ శ్రద్ధగా చదవరు. జీతం ఆగిపోతే, తప్పుడు పని చేయమంటే మాత్రం రెండేళ్ల లెక్క చూసుకోనక్కరలేదు. కొత్త ఇంటర్వ్యూలో పాత కంపెనీ గురించి అడిగితే జరిగినదాన్ని తేదీతో చెప్పి ఆపేయండి. వేతన కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారి వేతన బకాయి 2 పనిదినాల్లో ఇవ్వాలి. ఆచరణలో సాగదీస్తారు గనుక ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. శాంపిల్ బ్యాగు, ట్యాబ్, మిగిలిన ప్రచార సామగ్రి అప్పగించినట్టు సంతకం తీసుకోండి, స్టాకిస్టు నుంచి బకాయిలు లేవన్న ఉత్తరం తీసుకోండి.

చివరి వారం ముఖ్యమైన దుకాణాలన్నిటికీ మరోసారి వెళ్లండి. ఇంకా రావలసిన క్రెడిట్ నోట్ల జాబితా రెండు ప్రతులు రాసి, ఒకటి మేనేజరుకు, ఒకటి మీ స్థానంలో వచ్చేవారికి స్టాకిస్టు సమక్షంలో ఇవ్వండి. నా స్థానంలో వచ్చిన కుర్రాడిని నేనే వెంటబెట్టుకొని ఆ కొత్తపేట దుకాణానికి తీసుకువెళ్లాను. యజమాని వంగి అదే అట్టపెట్టె పైకి తీశారు. అందులో అప్పటికి పదకొండు స్ట్రిప్పులున్నాయి, అవన్నీ జాబితాలో ఉన్నాయో లేదో ముగ్గురం కలిసి లెక్కపెట్టాం.